పోయేవాళ్ళ బంతులు

సౌదీలో, దమ్మాంలో మా గది వెనక ఏసీ మిషన్లు రాత్రింబవళ్ళు మోగుతుండేవి. ఆ మోతలో నిద్ర ఎట్లా పట్టేదని చాలామంది అడుగుతారు. మోత ఆగితేనే నాకు మెలకువ వచ్చేది. ఆగిందంటే విదేశీ ఉద్యోగులుండే ఆ కాంపౌండులో ఇళ్ళన్నీ ఉడికిపోతున్నట్టు. అందుకే కంపెనీ నన్ను లేబర్ క్యాంపుకు పంపకుండా మిషన్ల పక్కనే గది ఇచ్చింది. అక్కడ ఉండనిచ్చే కార్డును ఇకామా అంటారు. దాని మీద నా పని టెక్నీషియన్ అని ఉండటం వల్ల భార్యను కూడా తెచ్చుకోగలిగాను. మా జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మేస్త్రీలకు, కూలీలకు ఆ వీలు లేదు. నన్ను చూసి వాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు. కుళ్ళుకోవాల్సిందే. వండిపెట్టే మనిషి, వాదులాడే మనిషి పక్కనుండటం గల్ఫులో చిన్న సంగతి కాదు.

కార్డు మీద ఏం రాసి ఉందో నేను చదివి తెలుసుకున్నది కాదు. యాభై దాటేదాకా నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. గేజీ ముల్లు చూసి ఏసీలో గ్యాసు ఎంతుందో చెప్పేవాణ్ణి. పేరు రాయమంటే బొటనవేలు చాపేవాణ్ణి. నా భార్యా అంతే. మాకు పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, చదివేవాళ్ళు కూడా అడగక్కర్లేదు.

మా గది ముందు ఇనుప జాలీ, జాలీ అవతల మైదానం. శుక్రవారం పొద్దున అక్కడ అమెరికావాళ్ళు బేస్‌బాల్ ఆడేవాళ్ళు. మట్టి మీద సున్నంతో గీతలు గీసుకుని, తోలు సంచిలాంటి గ్లౌజు ఒక చేతికి తొడుక్కుని, గంటలకొద్దీ నిలబడేవాళ్ళు. నా భార్య జాలీ పక్కన బియ్యం చెరుగుతూ చూసేది.

"చిర్రగోనెకు బంతి పెట్టుకున్నరు," అని మొదటిరోజే తేల్చేసింది, మా దిక్కున బిళ్ళంగోడును చిర్రగోనె అంటాం. "గింత పెద్దోళ్ళయి సిగ్గు లేకుంట ఉరుకుతున్నరు సూడు."

నెల తిరిగేసరికి ఎవడు ఉరుకుతాడో ఎవడు ఉరకలేడో ఆమెకే బాగా తెలిసింది. ఉరకలేనివాడు ఆడేటప్పుడు బియ్యం పక్కన పెట్టేది.

బంతుల సంగతి మొదలైంది వాళ్ళ పెద్దమనిషి వల్ల. ఒడ్డూపొడవూ ఉన్న మనిషి, ఆడేవాళ్ళందరికీ సర్దిచెప్పేవాడు. ఎండాకాలంలో వాళ్ళింట్లో ఏసీ పోతే నేను పొద్దంతా మిద్దె మీద కూర్చుని బాగుచేశాను. ఆయన కొలువు అయిపోయి దేశం పోయే ముందురోజు సాయంత్రం మా గదికి వచ్చాడు. చేతిలో ఎర్ర కుట్లున్న తెల్ల బంతి. దాని మీద పెన్నుతో ఏదో గీసి నా చేతిలో పెట్టి, భుజం మీద చరిచి వెళ్ళిపోయాడు. తెల్లారి విమానం ఎక్కాడు. కొన్నాళ్ళకు బక్కపలచని ఇంకొకాయన కూడా అట్లాగే బంతి మీద రాసి ఇచ్చి, తెల్లారి వెళ్ళిపోయాడు.

నా భార్య రెండు బంతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇగో, ఇన్నవా? ఈళ్ళు దేశం పొయ్యేటప్పుడు బంతి మీద రాసిచ్చి పోతరు. ఇది ఈళ్ళ రివాజు."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"చెప్పాలెనా? దొడ్డోడు రాసిండు, తెల్లారి పోయిండు. బక్కోడు రాసిండు, తెల్లారి పోయిండు. నీకు కండ్లున్నయా లేవా?"

కళ్ళున్నాయి. నాకూ అదే అనిపించింది. రివాజు అన్నాక అడక్కుండా వదిలేస్తే వాళ్ళకు చిన్నతనం అవుతుందని మేమిద్దరం అనుకున్నాం. అప్పటినుంచి కాంపౌండులో ఎవరికి దేశం పోయే ఎగ్జిట్ పడిందని తెలిసినా నా భార్య జాలీ దాటి వచ్చిన పాత బంతి ఒకటి తీసేది. గోరువెచ్చని నీళ్ళలో సబ్బు కలిపి, కుట్లు తడవకుండా గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టేది. సాయంత్రం ఇద్దరం స్నానాలు చేసి వాళ్ళ గుమ్మం ముందు నిలబడేవాళ్ళం. ఆడేవాళ్ళని, ఆడనివాళ్ళని మేము తేడా పెట్టలేదు. పొయ్యేవాళ్ళయితే చాలు. ఒకామె బంతి చేతిలోకి తీసుకుని ఏడ్చింది. ఒకాయన ఎందుకో గట్టిగా నవ్వాడు, కానీ రాశాడు. రాయనని అన్నవాళ్ళు లేరు.

చదవడం రాదు కాబట్టి రాతల ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకునేవాళ్ళం. దొడ్డాయనది పొట్లతీగ పాకినట్టుండేది. బక్కాయనది వంగిన ఇనుప మొల. ఏడ్చినామెది కోడి గీరిన దిబ్బ. ఖర్జూరం పండ్ల అట్టపెట్టెలో పాత చీర పరిచి అన్నీ అందులో పెట్టింది. పని లేని సాయంత్రాల్లో తీసి ముందేసుకుని, ఇది ఎవరిదని ఒకరినొకరం అడుక్కునేవాళ్ళం. ఆమె ఎప్పుడూ తప్పు చెప్పేది కాదు. నేను తప్పు చెబితే, "మిషిన్లు తప్ప మనుషులు యాదికుండరు నీకు," అనేది.

కాంపౌండు ఆఫీసులో ఇకామాల పని చూసే కడప భాయ్ ఒకడుండేవాడు. ముసల్మాన్, నాకంటే చిన్నవాడు, తెలుగు చదువు ఉన్నవాడు. నన్ను అన్నా అని, మా ఆమెను వదినా అని పిలిచేవాడు. ఒకరోజు మా గదికి టీకి వచ్చి, పెట్టె చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అన్నా, ఏం పని అన్నా ఇది? ఆటోగ్రాఫ్ అంటే పేరున్న ఆటగాళ్ళతో పెట్టించుకుంటారు. మీరేంది, ఎగ్జిట్ పడిన ప్రతివోనితోనూ పెట్టించుకుంటాండారు!"

"వాళ్ళ రివాజు కాదా?" అన్నాను.

"వాళ్ళు ఆఫీసులో ఏమనుకుంటాండారో తెలుసా? ఇది ఇండియా వాళ్ళ రివాజంట! పోయే మనిషికి మర్యాద చేసేదానికి బంతి తెస్తారంట. ఎంత మంచి ఆచారమో అని చెప్పుకుంటాండారు."

నాకు సిగ్గేసింది. నా భార్యకు వెయ్యలేదు. చాయ్ గ్లాసు అతని ముందు పెట్టి, "పేరున్నోళ్ళను మేమేడ జూసినం భాయ్? మాకు ఎర్కైనోళ్ళే మాకు పేరున్నోళ్ళు," అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. బంతులు ఆగలేదు.

ఇక రెండో పిచ్చి ఇంగ్లండు మేడమ్ అంటించింది. మూడిళ్ళ అవతల ఇంగ్లండు దంపతులు ఉండేవాళ్ళు. ఆయన ఇంజినీరు, ఆమె ఇంట్లో ఉండేది. నా భార్య వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేయడానికి వెళ్ళేది. మేడమ్ ఇస్త్రీ బల్ల టీవీ ముందే పెట్టించేది. వాళ్ళ దేశపు నవ్వుల నాటకాల డిస్కులు ఆమె దగ్గర బోలెడు. ఒకామె చూస్తూ నవ్వేది, ఒకామె ఇస్త్రీ చేస్తూ నవ్వేది. ఒకరి మాట ఒకరికి తెలియదు.

మా ఆమె బాగా ఇష్టపడింది ఒక మొగుడూ పెళ్ళాల నాటకం. మొగుడు ప్రతిసారీ ఇంట్లో నీళ్ళ పైపు బాగుచేస్తానని దిగుతాడు. నీళ్ళు చీలమండల దాకా వస్తాయి, తర్వాత మోకాళ్ళ దాకా వస్తాయి. పెళ్ళాం మాత్రం చేతిలో కెటిల్ పట్టుకుని నిలబడి, "టీ?" అంటుంది. నీళ్ళు పెరిగిన కొద్దీ కెటిల్ పైకెత్తుతుంది తప్ప ఇంకో మాట మాట్లాడదు. నవ్వేవాళ్ళు తెర మీద కనబడరు, వాళ్ళ నవ్వే వినబడుతుంది. ఎక్కడ నవ్వాలో వాళ్ళను చూసి నేర్చుకున్నానని మా ఆమె చెప్పింది.

నేను పని నుంచి వచ్చేసరికి ఆ రోజు నాటకం సిద్ధంగా ఉండేది. నాకు పానా ఇచ్చి గోడ దగ్గర కూర్చోబెట్టేది. తను స్టీలు చెంబు పట్టుకుని నిలబడేది. నేను పైపు తిప్పినట్టు చేసి కిందపడాలి. పడటంలో నేను చెడ్డవాణ్ణి కాదు.

"టీ?"

"నీళ్ళు ముక్కుల దాక అచ్చినయే!"

"మాట్లాడకు. ఆయన మాట్లాడడు. మల్ల పడు."

ఒకసారి నిజంగానే మా గదిలో పైపు పగిలింది. అర్ధగంట కొట్టుకున్నాను. బట్టలు, బియ్యం డబ్బా, పరుపు అన్నీ తడిసిపోయాయి. కోపంతో వెనక్కి తిరిగి చూస్తే ఆమె చెంబు తల మీదికెత్తి నిలబడి ఉంది. నేను నీళ్ళలోనే కూలబడి నవ్వాను. అంతకంటే గట్టిగా నేను నవ్విన రోజు నాకు గుర్తు లేదు.

మేడమ్ చేతిలోంచి ఏది జారినా "ఓ డియర్" అనేది. మా ఆమెకు ఆ మాట పట్టుకుంది. కూర మాడితే ఓ డియర్. ఊళ్ళో ఎవరో చనిపోయారని ఫోనొస్తే కూడా ఓ డియర్. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు ఆ ఒక్క ముక్కే. దాన్ని పొదుపుగా వాడటం మాత్రం తెలియదు.

ఆ రోజుల్లోనే సౌదీ సర్కారు నితాఖాత్ అనే కొత్త చట్టం తెచ్చింది. భాయ్ మాకు రంగులతో చెప్పాడు. కంపెనీలో సౌదీ మనుషులు సరిపడా ఉంటే పచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. ఎరుపైతే మావంటివాళ్ళ కార్డులు ముందుకు సాగవు. మా కంపెనీ పచ్చ నుంచి పసుపుకు దిగింది. అప్పటిదాకా ఎప్పుడో ఒకరు పోయేవాళ్ళు. ఇప్పుడు వారం వారం పోతున్నారు. తెల్లవాళ్ళే కాదు, మావాళ్ళూ పోతున్నారు. తోటమాలి బంగ్లాదేశ్ మనిషి తన అక్షరాల్లో రాశాడు. కోరుట్ల మేస్త్రీ, మా ఆమెను అక్కా అని పిలిచేవాడు, బంతి ముందు పెడితే తలవంచుకున్నాడు. ఆమె పెన్ను సిరా అతని బొటనవేలికి తనే పూసి అద్దించింది.

"ఇది కూడా రాతనే తమ్మీ," అంది. "నీ యేలు అసుంటి యేలు ఇంకెవనికీ లేదు."

ఆ వేలిముద్ర చూశాక నాకు పట్టుదల పుట్టింది. నేను పోయేరోజు వేలు పెట్టను, పేరు రాస్తాను అనుకున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పని ఆపేస్తారు. ఆ వేళ భాయ్ స్టోరు గదిలో నన్ను కూర్చోబెట్టి, ఏసీ అట్టపెట్టెల మీద అక్షరాలు దిద్దించేవాడు. తుప్పుపట్టిన బోల్టు విప్పడం కంటే అది కష్టం. నా చేతికి పానా బరువు అలవాటు, పెన్సిలు తేలిగ్గా ఉండి చెయ్యి వణికేది. రెండు ఎండాకాలాలు పట్టింది. పేరు రాసి ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే మా ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని, "బీరకాయ పాదు లెక్కనే ఉంది," అంది. తిట్టిందో మెచ్చుకుందో చెప్పలేదు.

"నువ్వు గూడ నేర్సుకోరాదు?"

"నాకెందుకు? నువ్వు పేరు రాయి, పక్కపొంటి నేను యేలేస్త. ఇద్దరం ఒక్కసారే పోదాం. ఒక్క బంతి మీదనే."

మేడమ్ వాళ్ళకు కూడా ఎగ్జిట్ వచ్చింది. బంతి తీసుకెళ్ళాం. ఆమె రాసి, లోపలికి వెళ్ళి కొత్త బంతి తెచ్చింది. ఎవరూ తాకని బంతి, పాలలాగా తెల్లగా ఉంది. మా ఇద్దరినీ వేలితో చూపించి, ఆకాశం వైపు చూపించింది. మీరిద్దరూ వెళ్ళే రోజుకు అని మాకు అర్థమైంది. టీవీ, డిస్కులు కూడా మాకే ఇచ్చింది. ఆ రాత్రి పైపు నాటకం పెట్టుకుని చూశాం. తెరలో వాళ్ళు నవ్వారు. మేము నవ్వలేదు.

తెల్ల బంతిని ఆమె పెట్టెలో మిగతావాటితో కలపలేదు. గుడ్డలో చుట్టి, విడిగా ఒక మూలన పెట్టింది.

తర్వాత లెవీ అనే పన్ను వచ్చింది. ఆ సాయంత్రం భాయ్ వచ్చాడు కానీ టీ ముట్టలేదు.

"అన్నా, పెండ్లాం బిడ్డల్ని పెట్టుకున్నోళ్ళు తలకింతని కట్టాలంట. ఏటికేడు పెరుగుతాదంట. కట్టకపోతే నీ ఇకామా కూడా సాగదు. కంపెనీ చూస్తే ఎరుపు అంచున ఉంది. వదినను పంపిచ్చేయ్ అన్నా."

నా భార్య టీ గ్లాసును అతని ముందుకు ఇంకొంచెం జరిపింది.

"రెండు రకాలుండాయి," అన్నాడు. "ఫైనల్ ఎగ్జిట్ కొడితే ఇంక పోయినట్టే. ఆమె మీద లెవీ ఉండదు. రీఎంట్రీ అయితే గడువులోపల మళ్ళా రావచ్చు. కానీ అక్కడున్నా ఇక్కడ లెవీ పడతానే ఉంటాది. నా మాట విని ఫైనలే కొట్టిచ్చు."

"ఫైనలంటే బంతి మీద యేలెయ్యాలె గద," అంది నా భార్య.

"అది మీ రివాజు వదినా, సర్కారుది కాదు."

"మా రివాజే. నేనెయ్య. నేనేడికి పోతున్న? మల్లొస్త. రీఎంట్రీ కొట్టియ్యి."

భాయ్ నా మొహం చూశాడు. తెలివి ఉన్నవాడెవడైనా ఫైనలే కొట్టిస్తాడు. మేము రీఎంట్రీ కొట్టించాం.

పోయే రోజు పొద్దున నేను వేళాకోళానికి తెల్ల బంతి, పెన్ను తీసి ముందు పెట్టాను. నిజం చెప్పాలంటే వేళాకోళం కాదు. నాకు భయమేసింది, ఆమె గుర్తు ఏదో ఒకటి నా దగ్గర ఉంటే బాగుండుననిపించింది. ఆమె బంతిని వేలితో తోసింది. అది దొర్లుకుంటూ వచ్చి నా మోకాలికి తగిలింది.

"దాసిపెట్టు. ఇద్దరం పొయ్యేనాడు తియ్యి," అంది. ఎయిర్‌పోర్టులో అద్దాల అవతల నిలబడి, చేతిసంచి తల మీదికెత్తి, నోటితో "టీ?" అన్నట్టు పెదవి కదిపింది. పక్కనున్న అరబ్బు పోలీసు ఆమె వైపు వింతగా చూశాడు.

ఊళ్ళో ఆమె తన చెల్లెలింటి పక్కన చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉంది. సాయంత్రం నేను ఫోన్లో వీడియో పెట్టి టీవీ ముందు నిలబెట్టేవాణ్ణి. అక్కడ ఆమె, ఇక్కడ నేను, మధ్యలో కనబడని ఆ ఇంగ్లండు జనం. ముగ్గురం ఒకేసారి నవ్వేవాళ్ళం కాదు. ఫోన్లో ఆమె నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చేది. తెరలో నవ్వు ఆగిపోయి, నీళ్ళు ఇంకా పెరుగుతుంటే, అప్పుడు ఆమె నవ్వు వినబడేది.

రీఎంట్రీ గడువు ఒకసారి పెంచాం. రెండోసారి పెంచుదామనుకునేలోపు కంపెనీ ఎర్రబడింది. నా ఇకామా సాగలేదు. నాది సాగకపోతే ఆమెదీ సాగదు. ఆమె కాగితం చెల్లకుండా పోయిందని ఫోన్లో చెబితే, "ఓ డియర్," అంది. ఆ రోజు నవ్వు లేదు.

కొన్నాళ్ళకు ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. బోళ్ళు తోముతూ తోముతూ పక్కకు ఒరిగిపోయిందట. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది.

నేను ఎగ్జిట్ కొట్టమని ఆఫీసుకు వెళ్ళాను. ఇకామా చెల్లితేనే ఎగ్జిట్. కంపెనీ లెవీ కడితేనే ఇకామా చెల్లుతుంది. కంపెనీ ఎరుపులో ఉంది, కట్టదు. పోవడానికి కూడా ఉండే హక్కు కావాలన్నమాట. ఇది ఎవరికి చెప్పినా మళ్ళీ చెప్పమంటారు. భాయ్ తన పని మానుకుని నన్ను వెంటేసుకుని లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. అక్కడ నాలాంటివాళ్ళు గోడలకు ఆనుకుని కూర్చుని ఉండేవాళ్ళు. కొందరు ముందే సంచులు సర్దుకుని వచ్చేవాళ్ళు, ఆ రోజే పంపుతారేమోనని.

చివరికి లేబర్ ఆఫీసు ద్వారానే నాకు ఎగ్జిట్ పడేసరికి కాంపౌండులో సగం ఇళ్ళు ఖాళీ. మైదానంలో సున్నం గీతలు చెరిగిపోయాయి. జాలీ దాటి బంతి వచ్చి ఎన్నాళ్ళయిందో. మా గుమ్మం ముందుకు బంతి పట్టుకుని వచ్చేవాళ్ళెవరూ లేరు. సంచి కడుతుంటే భాయ్ వచ్చాడు. చేతిలో కుట్లు ఊడిన పాత బంతి.

"పెట్టన్నా," అన్నాడు. "నువ్వు పోతే నా దగ్గర ఏం ఉండాల?"

నేను పేరు రాశాను. వంకరగా వచ్చింది. అతను దాన్ని పైకీ కిందికీ చదివి, ఒక్క అక్షరం కూడా దిద్దకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో బరువు ఎక్కువైందన్నారు. బట్టలు తీసి అక్కడే బెంచీ మీద వదిలేశాను. బంతుల పెట్టె తీయలేదు.

నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆమె మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. నా చప్పుడుకు ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది. నన్ను చూసి ఎడమచెయ్యి లేపింది. పక్కనున్న నీళ్ళ గ్లాసు తగిలి పడింది.

"ఓ డియర్," అంది.

నేను ఆమె చెల్లెలి మొహం చూశాను.

"గదొక్కటే అంటున్నది బావా," అంది మరదలు. "అన్నం అడగరాదు, నీళ్ళు అడగరాదు. మా పేర్లు రావు. గదొక్కటే. దవఖానల నర్సు గూడ అడిగింది, ఈమెకు ఇంగ్లీషొస్తదా అని."

"గదొక్కటే వస్తది," అన్నాను.

పెట్టె విప్పి బంతులు ఒక్కొక్కటే ఆమె ఎడమచేతిలో పెట్టేవాణ్ణి. పొట్లతీగను వేలితో తడిమేది. వంగిన మొలను చూసి తలూపేది. నేను కావాలని తప్పు చెప్పేవాణ్ణి. దొడ్డాయనది తీసి కోరుట్ల మేస్త్రీది అంటే, కోపంతో నా చెయ్యి నెట్టేసేది. ఆ నెట్టడంలో బలం ఉంటే నాకు ఆ పూట అన్నం సహించేది. ఒకరోజు పానా లేక గరిటె పట్టుకుని గోడ దగ్గర కూర్చుని పైపు తిప్పాను. కిందపడ్డాను. ఈ వయసులో పడటం వేషం కాదు, నిజంగానే నడుము పట్టేసింది. ఆమె నోరు ఒక వైపు లేచింది. చెంబు కోసం చెయ్యి చాపింది. ఇస్తే, కొంచెం పైకెత్తి పట్టుకుంది. నీళ్ళు ఆమె చీర మీద పడ్డాయి. మరదలు పరుగెత్తుకొచ్చి, "ఏం చేస్తున్నరు మీరిద్దరు? పిచ్చి లేసిందా?" అని నన్ను తిట్టింది.

ఒకరోజు బంతులన్నీ చూపించాక తెల్ల బంతి తీశాను. గుడ్డ విప్పి ఆమె అరచేతిలో పెట్టాను. అది ఏమిటో ఆమెకు తెలుసు. చాలాసేపు పట్టుకుంది. తర్వాత పక్క మీద వదిలి, వేలితో నా వైపు తోసింది. దమ్మాంలో తోసినట్టే. నేను తీసి మళ్ళీ గుడ్డలో చుట్టాను.

రెండోసారి పడిపోయినప్పుడు జగిత్యాల దవఖానకు తీసుకెళ్ళాం. ఆమెకు స్పృహ లేదు. ఆపరేషన్ కాగితం మీద నేను సంతకం చేశాను, పేరు మొత్తం రాశాను. అక్కడి గుమాస్తా రోగి వేలిముద్ర కూడా కావాలన్నాడు. ఎందుకో నాకు తెలియదు, వాళ్ళ పద్ధతి. ఇంకు డబ్బా తెచ్చి, ఆమె ఎడమ బొటనవేలు పట్టుకుని అద్దుకుని వెళ్ళిపోయాడు. వేలు నీలంగా దుప్పటి మీద ఉంది. డబ్బా బల్ల మీదే మరిచిపోయాడు.

బంతి నా సంచిలో ఉంది. మరదలికి బంతుల కథ అంతా తెలుసు. కళ్ళు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"బావా, ఇంకు ఆరకముందే అద్దుకోరాదు? నీ పేరు గూడ పక్కపొంటి రాయి. ఇద్దరియి ఉంటయి. రేపు అక్క లేకపోతే..."

నేను సంచిలో చెయ్యి పెట్టాను. బంతి తగిలింది. ఆమె వేలు నాకు జానెడు దూరంలో ఉంది. అద్దితే ఎవరూ తప్పనరు. ఆమెకు తెలియను కూడా తెలియదు. నాకు మాత్రం ఎన్నేళ్ళుగానో కావలసింది అదే. ఒక్క బంతి మీద ఇద్దరిదీ.

రెండుసార్లు తోసింది. మాట ఉన్నప్పుడు ఒకసారి, మాట లేనప్పుడు ఒకసారి.

"వద్దు," అన్నాను.

"ఎందుకు బావా?"

"ఆమె ఎయ్యనన్నది."

నర్సును పిలిచి దూదీ స్పిరిటూ అడిగాను. ఆ నీలం నేనే తుడిచాను. గోరు మూలల్లో ఇంకు ఒక పట్టాన పోలేదు. పొయ్యేదాకా తుడిచాను. తెల్లారక ముందే ఆమె చనిపోయింది.

సంతకం పెట్టలేదు కాబట్టి ఆమె పోలేదని నేను చెప్పను. అలాంటి మాటలు నాకు నచ్చవు. కొరివి నేనే పెట్టాను, కాలడం చూశాను, బూడిద ధర్మపురి గోదావరిలో నేనే కలిపాను.

భాయ్‌కి కూడా తర్వాత ఎగ్జిట్ పడింది. కడప నుంచి ఫోన్ చేశాడు. నా పేరున్న బంతి అల్మారాలో పెట్టానన్నాడు. తను పోయేటప్పుడు బంతి తెచ్చేవాళ్ళెవరూ లేకపోయారని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, ఆ తెల్లబంతి?" అని అడిగాడు.

"ఉంది," అన్నాను.

"ఏమన్నా రాసినావా దాని మీద?"

"లేదు."

కడపలో ఎండల సంగతి చెప్పి ఫోను పెట్టేశాడు.

తెల్ల బంతి ఇప్పుడు అంత తెల్లగా లేదు, కొంచెం పసుపు తిరిగింది. దుమ్ము పట్టినప్పుడు గోరువెచ్చని నీళ్ళలో సబ్బు కలిపి, ఆమె చేసినట్టే కుట్లు తడవకుండా గుడ్డతో తుడుస్తాను. ఎండలో పెట్టను. నీడలో ఆరబెట్టి, ఆరేదాకా పక్కనే కూర్చుంటాను.